వారానికి 168 గంటలు: బెంగళూరులో ఉద్యోగం, ఇల్లు, కాస్త మన కోసం

రాత్రి 10:40కి బడి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "రేపు గ్రీన్ డే. పిల్లలు ఆకుపచ్చ బట్టలు వేసుకుని, ఒక ఆకుపచ్చ కూరగాయ తీసుకురావాలి." అప్పుడు నేను అమెరికా వాళ్లతో కాల్‌లో ఉన్నాను. మ్యూట్ నొక్కి, బీరువా తీసి, పోయినేడు కొన్న ఆకుపచ్చ లంగా వెతుకుతున్నాను, అది పాప నడుముకి పట్టదని తెలిసి కూడా. హెడ్‌ఫోన్లో ఎవరో నా పేరు పిలుస్తున్నారు. ఫ్రిజ్‌లో ఆకుపచ్చది ఏమైనా ఉందంటే సగం కోసిన సొరకాయ ఒక్కటే. మా ఆయన హాయిగా నిద్రపోతున్నారు. తప్పు ఆయనది కాదు. ఆ గ్రూపులో ఆయన లేనే లేరు.

ఇది మూడేళ్ల కిందటి మాట. ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని మారాయి, కొన్ని మొండికేశాయి. మారినవి ఎలా మారాయో వరసగా చెబుతాను. నేను సాఫ్ట్‌వేర్‌లో 14 ఏళ్లుగా ఉన్నాను, ఒక టీమ్ నడుపుతాను. మా ఆయనా ఉద్యోగే. పాప మూడో తరగతి. ఏడాదిలో సగం రోజులు అత్తయ్య మాతో ఉంటారు, మిగతా సగం గుంటూరులో. మీ ఇల్లు అచ్చం ఇలాగే ఉండకపోవచ్చు గానీ, బెంగళూరులో ఉన్న మనవాళ్ల ఇళ్లకి ఇందులో సగమైనా సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. ఏ రోజుకారోజు అన్నీ కుదరాలని చూస్తే రోజూ ఓడిపోతాం. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న రోజు ఇల్లు గుర్తుండదు, పిల్లకి జ్వరం వచ్చిన రోజు ఆఫీసు గుర్తుండదు. అందుకే తూకం రోజుకి వెయ్యకండి, వారానికి వెయ్యండి. కింద రాసినవన్నీ ఆ వారం లెక్క మీదే నడుస్తాయి.

మొదటి మెట్టు: ఒక వారం చిట్టా

పిల్లల రఫ్ నోటుబుక్కు ఒకటి తీసుకోండి. యాప్ వద్దు. యాప్ కోసం ఫోన్ తీస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పేజీకి ఒక రోజు, గీతకి అరగంట. అరగంటకి ఒక్క అక్షరం చాలు: ఆఫీసుకి "ఆ", దారికి "దా", ఇంటికి "ఇ", నిద్రకి "ని", ఫోనుకి "ఫో", నాకోసం చేసుకున్నదానికి "నా". సోమవారం మొదలుపెట్టి ఆదివారం రాత్రి కూడండి.

నా మొదటి వారం ఇలా వచ్చింది: ఆఫీసు 57, దారి 11, ఇల్లు 31, నిద్ర 44, ఫోను 9, నాకోసం గంటన్నర. కూడితే 153 గంటల 30 నిమిషాలు. వారంలో ఉన్నవి 168. మిగిలిన పద్నాలుగున్నర గంటలు ఏమయ్యాయో నాకే తెలియలేదు. ఏ పనిలోనూ లేకుండా, ఏ విశ్రాంతిలోనూ లేకుండా, ల్యాప్‌టాప్ తెరిచిపెట్టుకుని పాపకి "ఆ వస్తున్నా" అంటూ గడిపిన సమయం అది. చిట్టా వల్ల పెద్ద లాభం ఇదే. టైము లేదనుకున్నాను. టైము ఉంది, ముక్కలుముక్కలుగా.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నప్పుడు మా ఆఫీసు క్యాంటీన్లో రెండు రోజులు అదే చర్చ. నేను మాత్రం నోటుబుక్కు తీశాను. 168లో 70 పని, రోజుకి 7 చొప్పున 49 నిద్ర, ఆరు రోజులు రోజుకి రెండున్నర గంటల దారి అంటే 15. మిగిలేది 34. రోజుకి అయిదు గంటలు కూడా లేదు. అందులోనే స్నానం, వంట, తిండి, పిల్ల, పెద్దవాళ్లు, కరెంటు బిల్లు. ఇంట్లో ఇంకెవరో ఈ పనులన్నీ చేసిపెడుతుంటే తప్ప ఆ లెక్క నడవదు. ఒంటి సంగతీ ఉంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. నా 57 ఆ గీత దాటే ఉంది. చిట్టా చూసి మా ఆయన ఏమీ అనలేదు, ఆ పేజీ మడిచి ఫ్రిజ్ మీద అంటించారు.

రెండో మెట్టు: దారి తగ్గించుకోవడం

ఇల్లు ఆఫీసుకి దగ్గరగా తీసుకోవాలని అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. ఇల్లు బడికి దగ్గరగా తీసుకోండి. మన రంగంలో ఆఫీసు మూడు నాలుగేళ్లకోసారి మారుతుంది, బడి పదేళ్లు ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ వచ్చేది కూడా బడి నుంచే. మేము జేపీ నగర్‌లో ఉన్నప్పుడు నా ఆఫీసు మారతహళ్లిలో. దారిలో సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటడానికి పట్టిన సమయంలో నేను ఒక భాష నేర్చుకుని ఉండేదాన్ని. తర్వాత హూడి వైపు మారాం. బడి నడిచి పదినిమిషాలు.

ఇల్లు మారడం కుదరకపోతే బయల్దేరే వేళ మార్చండి. ఆఫీసుకి వెళ్లే మూడు రోజుల్లో నేను 6:45కి బయల్దేరతాను, మూడున్నరకి ఆఫీసు నుంచి బయటపడతాను, మిగతా రెండు గంటల పని ఇంటి నుంచి. మొదట్లో మూడున్నరకి బ్యాగు సర్దుతుంటే పక్కవాళ్లు చూసే చూపు ఇబ్బందిగా ఉండేది. నేను పొద్దున ఏడున్నరకి వచ్చానని వాళ్లకెలా తెలుస్తుంది? అందుకే వచ్చిన వెంటనే టీమ్ గ్రూపులో ఆ రోజు పని రెండు వాక్యాలు రాసి పెట్టడం మొదలుపెట్టాను. చూపులు తగ్గాయి.

మెట్రో అందేవాళ్లు కారు మానెయ్యండి. పర్పుల్ లైను 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా ఏకధాటిగా ఉంది. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకి 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా ఎల్లో లైను వచ్చింది. సమయం కలిసొచ్చినా రాకపోయినా, స్టీరింగు పట్టుకుని పోయే గంట చచ్చిన గంట. రైల్లో పోయే గంటలో కునుకైనా తియ్యొచ్చు.

మూడో మెట్టు: రాత్రి కాల్స్

ఇది కష్టమైన మెట్టు. ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది.

ముందు గడియారం అర్థం చేసుకోండి. కాలిఫోర్నియాలో పొద్దున 8:30 అంటే వాళ్ల వేసవిలో మనకి రాత్రి 9. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అదే 8:30 మనకి రాత్రి 10 అవుతుంది. మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. అంటే ఎవరూ మిమ్మల్ని అడక్కుండానే నాలుగు నెలలు మీ నిద్రలోంచి రోజుకో గంట పోతుంది. నాకు ఇది తెలియడానికి ఆరేళ్లు పట్టింది. చలికాలంలో ఒళ్లు బద్ధకమని అనుకునేదాన్ని.

ఆ గడియారం మార్పునే వాడుకోవాలి. ఏడాదికి ఆ రెండుసార్లు అందరి క్యాలెండర్లూ ఎలాగూ కదులుతాయి. మామూలు రోజుల్లో "ఈ కాల్ మార్చండి" అంటే ఫిర్యాదులా ఉంటుంది, అప్పుడు అడిగితే సర్దుబాటులా ఉంటుంది. అక్టోబరు మూడో వారంలోనే మాట కదపండి.

నేను మొదటిసారి అడిగినప్పుడు పని కాలేదు. "రాత్రి కాల్స్ కష్టంగా ఉన్నాయి" అన్నాను. "అందరికీ కష్టమే" అన్నారు మా మేనేజర్. నిజమే కదా! రెండోసారికి నోటుబుక్కు పట్టుకెళ్లాను. నెల రోజుల్లో 22 కాల్స్, అందులో నేను నోరు విప్పినవి 6. "మంగళ, గురువారాలు నేను తప్పకుండా ఉంటాను. మిగతా మూడు రోజులు సాయంత్రం ఏడుకల్లా మా వైపు పని ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో రాసి పంపుతాను. నాలుగు వారాలు చూద్దాం, ఇబ్బందైతే పాత పద్ధతికే వెళ్దాం" అన్నాను. ఆ నాలుగు వారాలు అయిపోయి రెండేళ్లు దాటింది, ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

గమనించండి, నేను పిల్ల పేరు ఎత్తలేదు. ఎత్తితే తప్పని కాదు. నా అనుభవంలో "పాప చిన్నది" అనగానే జాలి పుడుతుంది, తర్వాతి ప్రమోషన్ దగ్గర ఆ జాలే అడ్డొస్తుంది. లెక్క చూపిస్తే ఆ గొడవ లేదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1961 నాటిది. మామూలు పని రోజుకి 9 గంటలు, వారానికి 48 మించకూడదంటుంది. 2024లో ఐటీ ఉద్యోగుల పనిని రోజుకి 14 గంటల దాకా పెంచే ప్రతిపాదన వస్తే ఉద్యోగ సంఘాలు గట్టిగా ఎదురుతిరిగాయి. మేనేజర్ ముందు చట్టం చదవమని నేను చెప్పను. కానీ అర్ధరాత్రి దాకా కూర్చోవడం మామూలే అనే భ్రమ మాత్రం మన బుర్రలోంచి పోవాలి.

ఇంకోటి. కాదనే ధైర్యం మాట తీరులో ఉండదు, బ్యాంకు ఖాతాలో ఉంటుంది. ఇంటి ఈఎంఐ జీతంలో సగం తినేస్తుంటే ఎంత మంచి వాక్యం నేర్చుకున్నా నోరు పెగలదు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పడేదాకా రెండో ఫ్లాటు ఊసెత్తకండి.

నాలుగో మెట్టు: సాయం కాదు, బాధ్యత

మన ఇళ్లలో ఒక మాట ఉంది: "మా ఆయన ఇంటి పనిలో బాగా సాయం చేస్తారు." నేనూ గర్వంగా అనేదాన్ని. సాయం అంటేనే పని నాది అని. గిన్నెలు ఎవరు కడిగారన్నది చిన్న సంగతి, సబ్బు అయిపోతోందని ఎవరికి గుర్తుందన్నది పెద్ద సంగతి. 2024లో కేంద్రం చేసిన కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 88 పెడుతున్నారని తేలింది. గుర్తుపెట్టుకునే పని ఇందులో ఎంత లెక్కకొచ్చిందో గానీ, మా ఇంట్లో అదే పెద్ద బరువు.

అందుకే పనులు ముక్కలుగా పంచుకోకండి. మొదటి నుంచి చివరిదాకా ఒక పని ఒకరిదే కావాలి. బడి అంటే ఫీజు, గ్రూపు, డైరీ, గ్రీన్ డే, పేరెంట్ మీటింగు అన్నీ. వంట అంటే సరుకులు, గ్యాసు, వంటావిడతో మాట్లాడటం, ఆవిడ రాని రోజు ఏం చెయ్యాలో కూడా. మాలో బడి ఆయనకి, వంట నాకు వచ్చాయి. డాక్టర్లు, టీకాలు నావి. బండ్లు, బిల్లులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆయనవి.

పంచుకున్న రోజే నేను బడి గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. ఆయన్ని చేర్పించి మరీ. ఆ గ్రూపులో అప్పటికి నాన్నలు ముగ్గురే ఉన్నారట. మొదటి నెల భయంకరంగా గడిచింది. ఒక రోజు యూనిఫాం బదులు మామూలు బట్టల్లో పంపారు, ఇంకో రోజు డబ్బాలో చెంచా లేదు. పాప పులిహోర చేత్తో తిని వచ్చింది. నా నాలుక మీద వంద మాటలు ఉన్నాయి. ఒక్కటీ అనలేదు, అంటే అప్పుడే పని నా దగ్గరికి తిరిగొచ్చేసేది. మూడో నెలకి ఆయనకే ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఏ టీచరు ఏమంటారో అన్నీ తెలుసు. నాకు తెలియవు. కొంచెం బాధగా కూడా ఉంటుంది, ఎందుకు దాచాలి.

వంటావిడ గురించి ఒక మాట. బెంగళూరులో మన ఉద్యోగాలు నిలబడింది ఆ అక్కల భుజాల మీద. వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వండి, ఏ రోజో ముందే అనుకోండి. చెప్పాపెట్టకుండా మానెయ్యడం దాంతో సగం తగ్గుతుంది. ఆవిడ సెలవు రోజు మాకు రాత్రి ప్యాకెట్ పిండితో ఇడ్లీ, ఊరి నుంచి తెచ్చిన కారప్పొడి.

అయిదో మెట్టు: పెద్దవాళ్లని ఆయాలని చెయ్యకండి

పిల్ల పుట్టగానే ఊళ్లో ఉన్న అమ్మకో అత్తయ్యకో టికెట్టు తీస్తాం. వాళ్లూ ప్రేమగానే వస్తారు. ఏడో అంతస్తులో, తెలిసినవాళ్లు లేకుండా, రోజుకి పది గంటలు పసిపిల్లతో. ఒక సాయంత్రం అత్తయ్య బాల్కనీలో కూర్చుని "ఇక్కడ పొద్దు పోదే అమ్మా, గుంటూరులో అయితే ఈపాటికి గుడికి పోయొచ్చేదాన్ని" అన్నారు. తప్పుపట్టినట్టు అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఆ తర్వాత నుంచి ఆవిడకీ పని వేళలు పెట్టాం. బడి అయ్యాక మూడు నుంచి అయిదున్నర వరకే పాప ఆవిడ దగ్గర. ఆదివారం పూర్తిగా ఆవిడది. కింద పార్కులో తెలుగు మాట్లాడే పెద్దావిడలు నలుగురు దొరికారు. మారతహళ్లి, హూడి వైపు వెతికితే దొరక్కపోరు.

పసిపిల్లలుంటే చట్టం ఇచ్చింది వదులుకోకండి. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి జీతంతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. చేరేటప్పుడే హెచ్ఆర్‌ని అడగండి, క్రెష్ ఎక్కడ, ఎన్ని కిలోమీటర్లు అని. తండ్రులకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో 15 రోజులు ఉన్నాయి. ప్రైవేటులో కంపెనీ దయ.

ఆరో మెట్టు: తలుపు మూసేసే పని ఒకటి

మన కోసం పెట్టుకున్న సమయమే అన్నిటికంటే ముందు కరిగిపోతుంది. "శనివారం చదువుకుందాం" అనుకుంటే శనివారం బట్టలు మడతపెడతాం. నేను కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: ఆలస్యంగా వెళ్తే తలుపు మూసేసే పని ఎంచుకోండి.

జేపీ నగర్‌లో రంగశంకర ఉంది, 2004 నుంచి నాటకాలు వేస్తున్నారు. ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వరు. నేను ఒకసారి రెండు నిమిషాలు ఆలస్యమై, చేతిలో టికెట్టుతో బయట కాఫీ తాగి తిరిగొచ్చాను. ఆ కోపమే మేలు చేసింది. ఇప్పుడు నెలకో శుక్రవారం నాటకం రోజున నాలుగు దాటి ఏ పనీ పెట్టుకోను. మెట్రోలో మెజెస్టిక్ దగ్గర గ్రీన్ లైనుకి మారి వెళ్తాను. నా కన్నడం సగం అక్కడే నేర్చుకున్నాను.

మీకు నాటకాలు పడకపోవచ్చు. సంగీతం టీచరు, బ్యాడ్మింటన్ జోడీ, పొద్దున ఆరింటికి గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసే స్నేహితురాలు, ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. శనివారాలు కబ్బన్ పార్కులో 2023 నుంచి కబ్బన్ రీడ్స్ వాళ్లు చెట్ల కింద కూర్చుని మాట్లాడకుండా చదువుకుంటారు. ఒక తెలుగు పుస్తకం పట్టుకెళ్లండి, అట్ట చూసి పలకరించేవాళ్లు వస్తారు. వయ్యాళికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి కార్యక్రమాలు కూడా చూస్తుండండి. వారానికి రెండు గంటలు చాలు, కానీ ఆ రెండు గంటలు చిట్టాలో ముందు రాసి, తర్వాత మిగతావి నింపండి.

ఏడో మెట్టు: ఊరి ప్రయాణాలు

జనవరిలోనే ఏడాది సెలవులు రాసేసుకోండి. కర్ణాటక బడులకి సంక్రాంతి ఒక్క రోజే, పెద్ద సెలవులు దసరాకి. మన ఊళ్లో సంక్రాంతికే ఇల్లు నిండుతుంది. రెండూ కావాలంటే కుదరదు, ఏ ఏడాది ఏదో ముందే తేల్చుకోండి. రైలు రిజర్వేషన్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 పొద్దున 8 గంటలకి కూర్చోవాలి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ దొరక్కపోతే శుక్రవారం రాత్రి బస్సు రేట్లు చూసి కళ్లు తిరుగుతాయి.

చెయ్యి దాటినప్పుడు

ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పడం, పిల్ల గట్టిగా నవ్వినా చిరాకు, పడుకున్నా నిద్ర పట్టకపోవడం రెండు మూడు వారాలు దాటితే నోటుబుక్కులతో పని జరగదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లడం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం లాంటిదే. నేను వెళ్లాలని రెండుసార్లు అనుకుని మానేసి, మూడోసారి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. మొదటిసారే వెళ్లి ఉండాల్సింది.

చివరిది: ఆదివారం ఇరవై నిమిషాలు

పై మెట్లన్నీ నిలబడేది దీని మీదే. ఆదివారం పాప పడుకున్నాక ఇద్దరం క్యాలెండర్లు తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాం. మూడే ప్రశ్నలు. ఈ వారం ఎవరికి ఏ రోజు గండం? ఆ రోజు ఇల్లు ఎవరు చూస్తారు? ఎవరి రెండు గంటలు ఎప్పుడు? నా రిలీజ్ బుధవారమైతే ఆయన బుధవారం ఆరుకల్లా ఇంట్లో ఉంటారు, శుక్రవారం ఆయన క్రికెట్ దగ్గర నేను నోరెత్తను. పోయినవారం నా ఆఫీసు 61 గంటలు వచ్చింది, ఈ వారం 44కి దించాలి, అది కూడా అక్కడే రాసుకుంటాం.

ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. డబ్బు మాట, చుట్టాల మాట అక్కడ ఎత్తకండి. వాటికి ఇంకో రోజు వేరే కాఫీ పెట్టుకోండి.